అవ్వ కతలు పట్టని డిస్కు

మా నాగలమడికలో ఇంట్లో మాట తెలుగు, బళ్లో చదువు కన్నడం. అందుకే మా తాత జమాఖర్చు పుస్తకాల్లో తెలుగు మాటలను కన్నడ అక్షరాల్లోనే రాసుకున్నాడు. ఆ పుస్తకాల ఫొటోలు, పినాకిని ఒడ్డున సుబ్బరాయుడి తేరు వీడియోలు, తాత గొంతు ఉన్న ఒకే ఒక్క రికార్డింగు, అన్నీ ఒక పాత హార్డ్ డిస్కులో దాచుకున్నాం.

పోయిన సంక్రాంతికి అవ్వ చేత మూడు గంటలు పాత కతలు చెప్పించి వీడియో తీసినాం. అది డిస్కులోకి ఎక్కలేదు. సగానికి పైగా జాగా ఖాళీగా ఉన్నా, ఫైలు మరీ పెద్దదంటుంది. చూస్తే ఆ పార్టిషన్ ఫ్యాట్32. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపలే ఉండాల. 1996లో వచ్చిన పద్ధతి అది. అప్పట్లో 4 జీబీ అంటే పెద్ద డిస్కే.

"ఫార్మాట్ చేసేస్తే సరి" అన్నాడు బెంగళూరు నుంచి వచ్చిన మా పిల్లోడు.

"ఫార్మాట్ అంటే ఏందప్పా?"

"అంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టేది అవ్వా."

"మీ తాత గొంతు కూడానా?"

ఎవరమూ మాట్లాడలేదు.

తుడవకుండా మార్చే దారి ఉంది. విండోస్‌లో కన్వర్ట్ అనే కమాండు ఫ్యాట్32ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మారుస్తుంది. ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే లెక్కను మాత్రం ఖాళీ జాగాలో కొత్తగా రాసుకుంటుంది. చేను కదలదు, పహణీ మారుతుంది, అంతే.

కానీ మధ్యలో కరెంటు పోతే? అందుకని ముందు అన్నీ ఇంకో డిస్కుకు కాపీ చేసి, తాత రికార్డింగు తెరిచి విన్నాం. ల్యాప్‌టాప్‌ను చార్జింగులో పెట్టి, చెక్‌డిస్క్ నడిపి, తర్వాతే కమాండు కొట్టినాం. ఏదీ పోలేదు. అవ్వ వీడియో కూడా ఎక్కింది.

మీరూ చేసేటట్లయితే ఒకటి గుర్తుంచుకోండి. ఈ కమాండుతో వెనక్కి రాలేం, మళ్లీ ఫ్యాట్32 కావాలంటే తుడవాల్సిందే. మ్యాక్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదవొచ్చు గానీ మామూలుగా అందులోకి ఏదీ ఎక్కించలేం. రెండిట్లోనూ వాడేవాళ్లు కొత్త డిస్కు కొన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్ చేసుకుంటే మేలు. దానికి ఈ 4 జీబీ గొడవ లేదు.

ఆ రాత్రి అవ్వ తాత గొంతు రెండుసార్లు వింది. తర్వాత కాపీ తీసిన డిస్కును అడిగి తీసుకుని, బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది.

"దీన్ని మాత్రం ఎవరూ ముట్టొద్దండప్పా" అంది.