హార్స్లీ కొండ మలుపులూ, 28,050 రూపాయల రాడ్డూ

మా బామ్మర్ది ఇచ్చిన సలహా వల్ల నాకు పైసా నష్టం రాలేదు. నష్టమంతా మా తమ్ముడికి వచ్చింది. అందుకే ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మా అన్నదమ్ములిద్దరివీ ఒకే రకం హ్యాచ్‌బ్యాక్ కార్లు. నేను బి.కొత్తకోట నుంచి మదనపల్లెకు తిరుగుతాను, తమ్ముడు పుంగనూరు నుంచి కుప్పం దాకా పోతాడు. చుట్టాలొస్తే ఇద్దరికీ హార్స్లీ కొండ తప్పదు. పాతవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనే ఆ కొండ ఎత్తు నాలుగు వేల అడుగుల పైమాట. దిగేటప్పుడు కారులో కూర్చున్నవాళ్లు మలుపు మలుపుకీ అటూ ఇటూ ఒరుగుతారు. అట్లా ఒరిగిన ఒక రోజున బెంగళూరులో ఉండే బామ్మర్ది అన్నాడు: "బావా, బానెట్ కింద రెండు షాకబ్జర్ల మధ్య రాడ్డు ఏపిచ్చు. ఇంక టర్నింగుల్లో బండి ఊగేదే ఉండదు. పట్టాల మీద పోయినట్టు పోతాది."

దాన్ని స్ట్రట్ బార్ అంటారు. ముందుది 8,000, వెనకది 6,500, కిందిది 8,000. మొత్తం 22,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 4,050, బిగింపు కూలి 1,500. వెరసి 28,050. "అంతా ఒకేసారి కట్టేది ఎందుకు, కార్డు మీద పెట్టు" అన్నాడు. 15 శాతం వడ్డీతో పన్నెండు నెలలంటే నెలకు 2,532, మొత్తం 30,384. వడ్డీ 2,334, ఆ వడ్డీ మీద మళ్లీ జీఎస్టీ 420. అంటే 30,804. చీటీ మీద వేసి చూపించాను. "లెక్కలేసుకుంటా కూచుంటే బండి ఎప్పుడు నడిపేది బావా?" అని అందరి ముందూ నవ్వాడు. నేను వద్దన్నాను. తమ్ముడు మూడూ వేయించుకున్నాడు. అప్పటికి వాడి టైర్లు 45,000 కిలోమీటర్లు తిరిగి ఉన్నాయి.

రాడ్డు పనికిరానిదని నేను అనను. దాని పని వేరు. మదనపల్లె యార్డుకు టమాటా క్రేట్లు మోసే బొలెరో పికప్‌కి కింద వేరే ఛాసిస్ ఉంటుంది, పైన బాడీ ఉంటుంది. మన చిన్న కార్లకు అట్లా లేదు, బాడీయే ఛాసిస్. ముందు చక్రాల షాకబ్జర్లు బానెట్ కింద రెండు ఇనుప గోపురాల్లోకి వచ్చి కూర్చుంటాయి. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజినీరు పేరు మీద నడుస్తున్న పద్ధతి ఇది, మారుతి 800 నాటి నుంచీ మన దగ్గర ఉన్నదే. వేగంగా మలుపు తిరిగినప్పుడు ఆ రెండు గోపురాలు ఒకదానికొకటి రవ్వంత జరుగుతాయి. రాడ్డు ఆ జరుగుడును ఆపుతుంది. అంతవరకు నిజమే.

కానీ కారు ఊగడం దానివల్ల తగ్గదు. ఊగడం స్ప్రింగుల మీద, షాకబ్జర్ల మీద, కింద అడ్డంగా ఉండే యాంటీ రోల్ బార్ మీద ఆధారపడుతుంది. రోడ్డును పట్టుకునేది టైరు. మలుపులో బలం మొదట టైరు రబ్బరులోకి వస్తుంది, తర్వాత లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరులోకి, ఆ పైన షాకబ్జర్ మౌంట్ రబ్బరులోకి. బాడీ ఇనుముకు చేరేది ఇవన్నీ దాటాకే. ఇప్పటి కారు బాడీని ఒక్క డిగ్రీ మెలితిప్పాలంటే పదివేల న్యూటన్ మీటర్లకు పైగా టార్కు కావాలి. గొలుసులో మెత్తటి కొక్కేలను అట్లాగే వదిలి, అన్నిటికన్నా గట్టిదాన్ని ఇంకా గట్టి చేస్తే ఏమొస్తుంది?

మెకానిక్ నా కారును జాకీ మీద లేపి, లోయర్ ఆర్మ్ దగ్గర టామీ రాడ్డు పెట్టి ఎత్తితే బుష్ బీటలు నోరు తెరిచాయి. ఆర్మ్ వేలి మందం కదిలింది. అదే సమయంలో, ఒక మూల గాలిలో ఉండగానే, డ్రైవర్ పక్క తలుపు తెరిచి వేయమన్నాను. రోజూ పడినట్టే 'టప్' మని పడింది. బాడీ చెప్పుకోదగ్గంతగా మెలితిరిగి ఉంటే తలుపు రాచుకుంటుంది, లేదా గొళ్లెం పట్టదు. వదులైంది ఏదో, గట్టిగా ఉన్నది ఏదో నాకు అక్కడే తేలిపోయింది.

అందుకే నా డబ్బు రబ్బరు మీద పెట్టాను. నాలుగు టైర్లు 5,200 చొప్పున 20,800. లోయర్ ఆర్మ్ బుష్‌లు 2,400. లింక్ రాడ్లు 1,800. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,200. మొత్తం 26,200. రాడ్ల బిల్లుకన్నా 1,850 తక్కువ, అదీ చేతి డబ్బు. అలైన్‌మెంట్ తప్పడంతో పాత టైర్లు లోపలి అంచున అరిగి 25,000 కిలోమీటర్లకే పోయాయి. అంటే కిలోమీటరుకు 83 పైసలు. కొత్తవి 40,000 వస్తే 52 పైసలు. తేడా 31 పైసలు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే నాకు మిగిలేది 3,700 పైచిలుకు. మలుపుల్లో బండి చెప్పినట్టు వింటోంది, పైగా డబ్బూ మిగులుతోంది. లావు యాంటీ రోల్ బార్, స్పోర్ట్స్ స్ప్రింగుల దారి వేరు, ఖర్చూ వేరు.

ఇక తమ్ముడి సంగతి. వానలో కొండ దిగుతుంటే ఒక మలుపులో ముందు చక్రాలు జారి కారు పిట్టగోడకు రాసుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అది దేవుడి దయ. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన. వాడి ముందు టైర్లలో అరుగుదల గుర్తులు పై రబ్బరుతో సమానమైపోయాయి. తడి రోడ్డు మీద నీళ్లు పోయే దారే లేదు. రాడ్డు మాత్రం బానెట్ కింద భద్రంగా మెరుస్తోంది.

బంపరు 4,600, హెడ్‌లైటు 5,400, ఫెండరు 2,200, డెంటింగ్, పెయింటింగ్ 6,000. బిల్లు 18,200. బీమాకు జీరో డిప్ లేదు, తరుగు కోస్తారు. ప్లాస్టిక్‌కు సగం కోత 5,000, మన వాటా 1,000, ఫెండరు తరుగు, రంగు కోత కలిపి 1,300. చేతికొచ్చేది 10,900. కానీ వాడికి మూడేళ్ల నో క్లెయిమ్ బోనస్ 35 శాతం ఉంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అలాగే ఉంటుందనుకుంటే, క్లెయిము పెట్టాక వచ్చే ఏడాది 3,600, ఆ పైన 2,400, 2,000, 1,200, 400 ఎక్కువ కట్టాలి. మొత్తం 9,600. అంటే క్లెయిము వల్ల నికరంగా మిగిలింది 1,300. రాడ్లకు 30,804, రిపేరుకు 16,900, వెరసి 47,704. టైర్ల 20,800 ఇంకా అట్లాగే ఉంది.

ఇందులో బామ్మర్ది జేబు నుంచి పోయింది సున్నా. నన్ను బాధపెట్టేది అదే. చుట్టాల్లో ధీమాగా మాట్లాడేవాడి మాట నెగ్గుతుంది, చీటీ మీద లెక్క వేసేవాడు పిసినారి అవుతాడు. మా ఇళ్లలో భూముల బేరాలూ, చీటీలూ, పెళ్లి ఖర్చులూ అన్నీ ఇట్లాగే తేలాయి. కిస్తీ కట్టేవాడే కడుతుంటాడు, సలహా ఇచ్చినవాడు ఇంకో ఇంటికి పోయి ఇంకో సలహా ఇస్తుంటాడు.

కారులో మార్పుల గురించి ఇంకొక మాట. ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. బోల్టులతో బిగించే రాడ్డు అందులోకి వస్తుందా రాదా అని సర్వేయరు ముందు నిలబడి వాదించుకునే కన్నా, బీమా కంపెనీకి ముందే రాసి ఇవ్వడం మేలు. ఇట్లాంటి బిగింపు నిజంగా పనికొచ్చే బండ్లూ ఉన్నాయి. పై కప్పు లేని కార్లకు కంపెనీయే కింద అదనపు బిగింపులు ఇస్తుంది, ఎందుకంటే కప్పు తీసేస్తే బాడీ నిజంగానే వదులవుతుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద రేసు టైర్లు, గట్టి స్ప్రింగులు వేసుకుని తిరిగేవాళ్లకు కూడా స్ట్రట్ బార్ తేడా తెలుస్తుంది. పుంగనూరు రోడ్డు మీద మామూలు టైర్లతో పోయేవాడికి తెలిసేది తక్కువ.

మూడు రాడ్లూ పాతవాటి కింద అమ్మితే ఎనిమిది వేలు వస్తాయని తమ్ముడు కనుక్కొచ్చాడు. వెంటనే అమ్మేయమన్నాను. వాడి కారు వెనక షాకబ్జర్లు రెండూ ఆయిలు కారుస్తున్నాయి, ఆ డబ్బు వాటికి సరిపోతుంది. టైర్లు మాత్రం ఈ నెల జీతంలోంచే కొనాలి, కార్డు మీద కాదు.