ఆరున్నర గుంటల నేల

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘములను దర్శించిన ఈ ప్రయాణములో, కళాశాలలలో చదువుతున్న మన బిడ్డలకు ఆటల వసతి ఏపాటిదో కూడ చూడాలని అనుకున్నాము. ముఖ్యంగా టెన్నిస్ వంటి ఆట చిన్న ఊరి విద్యార్థికి అందుతుందా అన్నదే మా ప్రశ్న.

కరీంనగరు నుండి జగిత్యాల సుమారు 50 కిలోమీటర్లు. నక్షత్రాకారములో కట్టిన 18వ శతాబ్దపు కోట, చుట్టూ కందకము చూడదగినవి. 2008లో శాతవాహన విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు దాని క్రిందికి వచ్చాయి. మేము తిరిగిన మైదానాలలో వాలీబాల్ స్తంభాలు, కబడ్డీ గీతలు ఉన్నాయి. టెన్నిస్ కోర్టు మాత్రం మా కంటబడలేదు.

కోరుట్ల పసుపు పండే సీమ. ఎన్నో ఇండ్లలో తండ్రి గల్ఫులో ఉంటే, పిల్లల చదువు భారము తల్లి మీదనే ఉంటుంది. అక్కడ ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు మాకు లెక్క వివరించారు. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 36 అడుగులు. చుట్టూ పరుగెత్తే చోటు కలిపితే 120 అడుగులకు 60, అనగా ఆరున్నర గుంటల పైచిలుకు. అంత నేలలో ఒకేసారి ఆడేది నలుగురే. వాలీబాలుకైతే చుట్టూ చోటు కలిపినా మూడున్నర గుంటలు, ఒక్క బంతి చాలు. పన్నెండు మంది ఆడతారు. టెన్నిస్ బంతులు త్వరగా చచ్చుబడతాయి, రాకెట్ల తీగలు తెగుతాయి. చిన్న కళాశాల తన కొద్ది సొమ్మును ఎటు పెడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అయినా సొమ్మే సర్వము కాదు. హైదరాబాదులో చిన్ననాడు పేడతో అలికిన కోర్టుల మీద ఆడానని సానియా మీర్జాయే చెప్పింది. ఆమె వింబుల్డన్‌లో 2003లో బాలికల డబుల్స్, 2015లో మహిళల డబుల్స్ గెలిచింది. సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయ జట్టులో ఆడాడు. 2014 ఆసియా క్రీడలలో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణము తెచ్చాడు. అయితే పేడ నేల ఒక్కటే సానియాను అంతదూరము చేర్చలేదు. వెంట నడిచి నేర్పిన తండ్రి ఉన్నాడు.

వేములవాడ మీదుగా, మానేటి ఒడ్డున ఉన్న సిరిసిల్లకు చేరాము. వీధి వీధినా మరమగ్గాల చప్పుడే. ఒక నేత కార్మికుని కుమార్తె బడిలో బాగా ఆడేదట. డిగ్రీలో చేరాక మానింది. కారణమడిగితే ఆమె తల్లి అన్నది: "అయ్యగారూ, ఆడుడు తప్పని మేమంటలేము. ఆఖరి బస్సు పోతె పిల్ల ఇంటికెట్లొస్తది?"

ఆ మాట మమ్మును ఆలోచింపజేసింది. మన బిడ్డలకు ముందుగా కొరత అయినది కోర్టు కాదు. సాయంకాలపు గంట, ఇల్లు చేర్చే తోడు.

ప్రియ పాఠకులారా, శరీర సాధనకంటె దైవభక్తి గొప్పదని తిమోతికి నేర్పిన పౌలే, పందెములో పరుగెత్తేవాని నిగ్రహమును కొరింథు సంఘమునకు మాదిరిగా చూపాడు. మన ఆలయ ఆవరణములు వారములో అనేక సాయంత్రములు ఖాళీగానే ఉంటాయి. ఆరున్నర గుంటలు లేకపోతే మూడున్నర గుంటలతో మొదలుపెట్టవచ్చు. స్త్రీల సమాజమునుండి ఒక పెద్దమ్మ అక్కడ కూర్చుంటే, యౌవనస్థులు వంతులవారీగా పిల్లలను ఇండ్లకు చేరిస్తే, ఆ తల్లి భయము తీరుతుంది. ఐదు రొట్టెలు, రెండు చేపలు ప్రభువు చేతిలో పెట్టిన చిన్నవాని వలె, మన దగ్గర ఉన్నదానిని మన బిడ్డల కొరకు ఆయన చేతిలో పెడదాము.