మొవ్వు బతికితే చాలు

2021 ఫిబ్రవరిలో డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. ఆ వారం టెక్సాస్ పెరళ్ళలో పామ్ చెట్లు పడ్డ కష్టం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వేప కొమ్మ విరిగితే పక్కనుంచి చిగురిస్తుంది. తాటి కుటుంబానికి ఆ వీలు లేదు. ఒక్కో కాండానికి ఒక్కటే మొవ్వు, అది గడ్డకట్టి చచ్చిందా, ఆ కాండం పని అయిపోయినట్టే.

దక్షిణ అమెరికా క్వీన్ పామ్ చూపులకు మన కొబ్బరికి చెల్లెలు. ఆ చలికి ఓర్వలేకపోయింది. మెక్సికన్ వాషింగ్టోనియాలూ ఎన్నో నిలువునా ఎండిపోయాయి. చైనా నుంచి వచ్చిన విండ్‌మిల్ పామ్ వాటికంటే ఎంతో గట్టిది. నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది మాత్రం నీడిల్ పామ్. అమెరికా ఆగ్నేయ అడవుల్లోని ఈ పొట్టి మొక్క, సూదుల్లాంటి ముళ్ళ మధ్య, నేలకు దగ్గరగా మొవ్వును దాచుకుంటుంది. ఎత్తు మీద మోజుతో దీన్ని కాదనుకోవడం అన్యాయం.

ఆకులు మాడగానే రంపం పట్టకండి, దయచేసి. మాడినవి కూడా మొవ్వుకు కాపే. నడిమి ఆకు లాగగానే ఊడివచ్చినా ఆశ వదలక్కర్లేదు. కోనసీమ రైతు కొబ్బరి మొవ్వుకుళ్ళుకు బోర్డో మిశ్రమం పోసినట్టే, ఇక్కడా రాగి మందు పోసి వేసవి దాకా ఆగి చూడాలి.