ఫ్రీజ్ నొక్కే ముందు

ఆప్షన్లు ఫ్రీజ్ చేయడానికి రేపే ఆఖరు రోజు. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్. అందులో వరసగా కాలేజీల పేర్లు, వాటి ఎదురుగా సీఎస్‌ఈ, సీఎస్‌ఎం, ఈసీఈ అని బ్రాంచీల కోడ్‌లు, నిరుడు ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో ఎర్ర సిరాతో అంకెలు. మూడో వరసలో పేరు కొట్టేసి, పైన రాసి, మళ్లీ కొట్టేసి, చివరికి అక్కడ కాగితం చిరిగింది. పిల్ల పొద్దుటినుంచీ సరిగ్గా తినలేదు. తండ్రి హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాడు. "బ్రాంచి చూసుకో బావా, కాలేజీదేముంది" అన్నాడతను. డాలస్‌లో ఉన్న అన్నకొడుకు "కాలేజీ పేరే ముఖ్యం బాబాయ్" అన్నాడు. ఇంటర్ లెక్చరర్ మూడో మాట చెప్పారు. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ ఓ పావుగంట ఇల్లు తేలికపడుతోంది. తర్వాత గుబులు మళ్లీ మొదలు.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట ఇప్పటికీ ఎంసెట్టే. కౌన్సెలింగ్ నడిచే రోజుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్ని ఇళ్లు ఇలా నిద్రకు దూరమవుతాయో!

ఆ పావుగంట సంగతి కాస్త నిలబడి చూడాలి. కెనడాలోని లావల్ విశ్వవిద్యాలయంలో మిషెల్ డుగా, ఆయన సహచరులు 1990లలో విడవని ఆందోళనతో బాధపడేవారిని పరిశీలించారు. ఏం జరుగుతుందో తెలియని స్థితిని ఓర్చుకోలేకపోవడం ఆ బాధకు మూలంలో ఉందని వారు గుర్తించారు. ఇంకొకరిని అడిగితే ఆ తెలియనితనం కాసేపు సద్దుమణుగుతుంది. కానీ బావమరిదికైనా అన్నకొడుక్కైనా నాలుగేళ్ల తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయో తెలియదు కదా. అందుకే అడిగినకొద్దీ అడగాలనిపిస్తుంది.

ఆందోళన చేసే ఇంకో పని ఉంది. గొయ్యి లేని చోట గొయ్యి చూపిస్తుంది, ఉన్న చోట కళ్లు కప్పేస్తుంది. వెబ్ ఆప్షన్లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో పెద్ద భయం ఇదే: మన ర్యాంకుకు రాని కాలేజీని మొదట పెడితే, వచ్చే కాలేజీ కూడా చేజారుతుందేమో! నిజానికి అలా జరగదు. సీట్లు ర్యాంకు వరసలో ఇస్తారు. ఒక విద్యార్థి వంతు వచ్చినప్పుడు, ఆ పిల్ల రాసిన జాబితాను పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, వర్తించే రిజర్వేషన్ల ప్రకారం ఖాళీ ఉన్న మొదటి చోట సీటు ఇస్తారు. ఒకటో ఆప్షన్ దొరక్కపోతే రెండోది చూస్తారు, అది లేకపోతే మూడోది. పైన ఆశపడి రాసినందుకు కింది సీటుకు వచ్చే నష్టమేమీ లేదు. నిజంగా ఇష్టమైన క్రమంలో రాసుకోవడమే క్షేమం.

అసలు జాగ్రత్త పడాల్సింది రెండో విడతలో. మొదటి విడతలో వచ్చిన సీటు చేతిలో ఉంచుకుని మళ్లీ ఆప్షన్లు ఇచ్చి, ఇంకోచోట సీటు వచ్చిందంటే పాతది పోయినట్టే. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే మెరుగనుకున్నవే అప్పుడు రాయాలి. మొదటి విడతకు నెల రోజులు మథనపడ్డ ఇంట్లోనే రెండో విడత హడావిడిగా నాలుగు కోడ్‌లతో ముగిసిపోవడం ఎంత విచారకరం!

అలాగని భయమే తగలని మనసుకు అన్నీ ఇట్టే తేలిపోతాయని కాదు. నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో 1994లో వచ్చిన 'డెకార్ట్స్ ఎర్రర్' పుస్తకంలో ఒక రోగి గురించి చెప్పారు. మెదడు ముందు భాగంలో దెబ్బతిన్న మనిషి. తెలివితేటలు చెక్కుచెదరలేదు, భావోద్వేగాలు మాత్రం మందగించాయి. మళ్లీ ఎప్పుడు వస్తారని రెండు తేదీలు ఇస్తే, దాదాపు అరగంట సేపు ఆ రోజు పనులు, ఈ రోజు వాతావరణం అంటూ లెక్కలు వేస్తూనే ఉన్నాడట. చివరికి డాక్టరే ఒక తేదీ చెబితే సరేనని లేచాడు. ఏదో ఒకవైపు మొగ్గడానికి లోపల ఓ కదలిక కావాలి. ఆప్షన్ల ముందు కూర్చున్న ఆ అమ్మాయి గుండె దడదడలాడడంలో, ఇది తనకు ముఖ్యమన్న కబురు కూడా ఉంది.

చార్లెస్ డార్విన్‌కు గుండెదడ కొత్త కాదు. 1837లో ఆ బాధ వల్లే డాక్టర్లు ఆయన్ను పని ఆపి విశ్రాంతి తీసుకోమన్నారు. మరుసటేడు, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, పెళ్లి చేసుకోవాలా వద్దా అని కాగితం మీద రెండు వరసలు రాసుకున్నాడు. ఒకవైపు పుస్తకాలకు డబ్బు తగ్గడం, కాలం వృథా కావడం, పిల్లల బాధ్యత. ఇంకోవైపు తోడు, ముసలితనంలో కబుర్లు చెప్పే మనిషి. చేసుకోవాలనే తేల్చాడు. ఆ వెంటనే కాగితం తిప్పి, మరి ఎప్పుడు అని మళ్లీ తర్జనభర్జన మొదలుపెట్టాడు! 1839 జనవరి 29న ఎమ్మా వెడ్జ్‌వుడ్‌తో ఆయన పెళ్లయింది.

కౌన్సెలింగ్ గుబులు వారాల తరబడి నిద్రను, తిండిని మింగేస్తూ ఉంటే అది ఇంట్లోవాళ్లు ఒంటరిగా మోయాల్సిన బరువు కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఫోన్‌కు డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ర్యాంకుల పట్టీలు అంటించే నోటీసు బోర్డుల పక్కన ఈ అయిదంకెలు కూడా రాసిపెడితే ఎంత బాగుండు.

ఆ ఇంట్లో రాత్రి తొమ్మిదయ్యాక అమ్మ ఫోన్ తీసి బీరువాలో పెట్టింది. "ఎవరినీ అడగొద్దిక. పొద్దున నువ్వే రాయి తల్లీ" అంది. తెల్లారాక పిల్ల నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, నిన్న చిరిగిన చోట కొట్టేసిన పేరునే మొదట రాసింది. సరిచూడమని నాన్నకు ఇచ్చింది. ఆయన ఒక్కో కోడ్ మీద వేలు పెట్టి చదివాడు, ఏమీ మార్చలేదు. ఫ్రీజ్ నొక్కేటప్పుడు కూడా ఆ పిల్ల వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. అమ్మ తెచ్చిన ఉప్మా మాత్రం సగం పైనే తింది.