జహీరాబాదు ప్రయాణము: ఒక బాలిక చదువు

సంక్రాంతి వెళ్లిన నాలుగవనాడు నేనును మా అక్క కూతురును హైదరాబాదునుండి జహీరాబాదునకు బస్సులో బయలుదేరితిమి. మేము పోవుచున్నది పెండ్లి పిలుపునకు గాదు, పండుగ విందునకు గాదు. మా అక్క నాకొక పని యొప్పగించినది. "ఆ పిల్లను జహీరాబాదులో నున్న వాళ్ల చిన్నాయన యొద్దకు తీసికొనిపొమ్ము. ఆయన యంత్రముల నడుమ పనిచేయువాడు. ఆయన మాట వినియైన నీ పిచ్చి మానునేమో" యని కన్నీరు పెట్టుకొన్నది.

పిచ్చి యేమనగా, పందెపు కార్లను నిర్మించు విద్య చదువవలెనని. ఇంగ్లండులో దీనికి ప్రత్యేకముగ పట్టాయే గలదు. మోటార్ స్పోర్ట్ ఇంజనీరింగు అందురు. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయము మొదలగు చోట్ల బోధింతురు. ఆ ఖర్చునకు మా బావగారు దాచియుంచిన యింటిస్థలము అమ్మక తీరదు. "అది యిద్దరు పిల్లలది గదా, పెద్దదాని చదువుకే పోసిన చిన్నదాని గతియేమి?" యని మా అక్క బాధ. బావగారు లెక్కలవరకు రానేలేదు. "ఆడపిల్లకు మోటార్ల చదువేమిటి?" యని యొక్కమాటతో తలుపు మూసిరి. ఆ మాట నాడు మొదలు తండ్రీ కూతుళ్లకు మాటలు లేవు.

ఈ కోరిక పుట్టినది 2023 ఫిబ్రవరి 11వ తేదీన. ఆనాడు హుస్సేన్ సాగరము గట్టున, మన మనుదినము తిరుగు వీథులలోనే, విద్యుత్తుతో నడచు కార్ల ప్రపంచ పందెము జరిగెను. దానిని ఫార్ములా ఈ యందురు. చుట్టు 2.83 కిలోమీటర్లు. ఫ్రాన్సు దేశీయుడగు జ్యాఁ ఎరిక్ వెర్న్ గెలిచెను. అప్పుడు తొమ్మిదవ తరగతిలో నున్న మా పిల్ల, జనులందరు నడుపువారిని చూచుచుండగా, కారు ప్రక్కన చెవులకు యంత్రములు తగిలించుకొని అంకెలు చూచుకొనుచున్న వారిని చూచినదట. "చిన్నమ్మా, కారును పరుగెత్తించునది వాళ్లే" యని నాతో ననెను. 2024లో జరుగవలసిన రెండవ పందెము ఆ జనవరిలో రద్దయ్యెను గాని, దాని కోరిక రద్దు కాలేదు.

ముంబయి దారి పటాన్‌చెరువు దాటినపిమ్మట కొంచెము విశాలమగును. కంది గ్రామమువద్ద ఎడతెగని ప్రహరిగోడ కనబడెను. 2008లో స్థాపింపబడిన హైదరాబాదు ఐ.ఐ.టి. యదియే. నడుపువాడు లేకయే నడచు బండ్లను పరీక్షించుటకు అచ్చట ప్రత్యేకమైన బాటలు వేసిరి. ఐ.ఐ.టి.లలో ఆడపిల్లల సంఖ్య పెంచుటకై 2018 మొదలు అదనపు సీట్లు కేటాయించుచున్నారని నేను చెప్పగా, పిల్ల కిటికీలోనుండి ఆ గోడనే చూచెను గాని బదులు పలుకలేదు. సంగారెడ్డి దాటి సదాశివపేట చేరుసరికి ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారపు మాట వచ్చెను. అంతవరకు మౌనముగ నున్న పిల్లకు నోరు వచ్చెను. కారెంత పెద్దదైనను భూమి నంటునది నాలుగు టైర్ల క్రింద నరచేయి వెడల్పు చోట్ల మాత్రమేయట. పందెములో గెలుపోటములు ఆ నాలుగు చోట్లనే తేలునట. ఇంటిలో నెవ్వరును వినని మాటలు బస్సులో నాకు చెప్పుచున్నదని అప్పుడు తెలిసినది.

జహీరాబాదు హైదరాబాదునకు పడమరగా నూరు కిలోమీటర్ల దూరమున, కర్ణాటక సరిహద్దు దాపున నున్నది. ఎఱ్ఱనేలలు, చెఱకు తోటలు, అల్లపు మళ్లు. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చును. ఇంతటి పల్లెటూరి వాతావరణములో మోటారు బండ్ల పరిశ్రమ నలువది యేండ్లుగా వేళ్లూనియున్నది. 1980 తరువాతి దశకములో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను దేశపు నిస్సాన్ సహకారముతో నిచ్చట చిన్న లారీలను చేయ నారంభించెను. తరువాత నది మహీంద్రా వారి చేతికి వచ్చెను. గత దశాబ్దపు తొలినాళ్లలో ట్రాక్టర్ల కర్మాగారమును వెలసెను. 2023 ఫిబ్రవరిలో విద్యుత్తు బండ్లకై యిచ్చట వేయికోట్ల రూపాయలు పెట్టుదుమని ఆ సంస్థవారు ప్రకటించిరి. హైదరాబాదు పందెములో పరుగెత్తిన కార్లలో రెండు వారివే. 2014లో ఫార్ములా ఈ పందెములు మొదలైనప్పటినుండియు పాల్గొనుచున్న జట్టులలో వారిదొకటి. అయితే ఆ జట్టు కార్యస్థానము జహీరాబాదులో లేదు; ఇంగ్లండులోని బాన్‌బరీ పట్టణమున నున్నది. ఈ రెండూళ్ల నడుమ దూరమే మా పిల్ల కథ యని నాకు దోచినది.

సాయంకాలము పిల్ల చిన్నాయన పని ముగించుకొని వచ్చెను. జొన్నరొట్టెలు తినుచు సంగతియంతయు వినెను. ఆయన కోపపడునని, నవ్వునని యెదురుచూచితిని. ఆయన మాత్రము పిల్లనే యడిగెను: "యాభై గుఱ్ఱాల బలమున్న ట్రాక్టరు రెండు టన్నులు తూగుతది. నీ పందెపు కారు ఎంత?"

"మనిషితో కలిపి 840 కిలోలు. బలము 350 కిలోవాట్లు, అంటే దాదాపు 470 గుఱ్ఱాలు."

"మరి బరువైన ట్రాక్టరుకు ముందర మళ్లా ఇనుప దిమ్మలెందుకు కడతరు?"

పిల్ల కొంచెము తడవాలోచించి, "నేలను గట్టిగా పట్టుకొనుటకు. పందెపు కారుకు దిమ్మలు కడితే పరుగు తగ్గుతుంది. అందుకని రెక్కలు పెట్టి గాలి చేతనే క్రిందికి నొక్కిస్తారు" అనెను.

ఆయన నావైపు తిరిగి, "వదినా, ఇది పిచ్చి కాదు" అనెను.

నేను వచ్చిన పని యక్కడనే చెడినది. పిదప నాయన వివరించిన దాని సారాంశ మిది. నాగలి లాగు బండికిని పందెములో దూకు బండికిని సూత్రములు వేరు కావు. త్రిప్పు బలమును తిరుగు వేగమును గుణించినచో వచ్చునదే శక్తి. ట్రాక్టరు బలమును గోరును, పందెపు కారు వేగమును గోరును. బ్రేకు వేయునప్పుడు వ్యర్థమగు శక్తిని మరల బ్యాటరీలోనికి మరలించు ఉపాయము విద్యుత్తు ఆటోలోను గలదు, హైదరాబాదులో పరుగెత్తిన పందెపు కార్లలోను గలదు. ఆ కార్లు పందెములో వాడు శక్తిలో నూటికి నలువది పాళ్లకు పైగా నట్లు తిరిగి వచ్చినదే. ఈ సూత్రములను నేర్పు మూలవిద్య మెకానికల్ ఇంజనీరింగు. పందెపు చదువు దానికొక కొమ్మ.

మరునాడు ఝరాసంగములో కేతకీ సంగమేశ్వర స్వామిని దర్శించితిమి. శివునకు నిషిద్ధమను మొగలిపువ్వే యిచ్చట స్వామికి ప్రీతి. తిరిగి వచ్చునప్పుడు దారిప్రక్క నల్లరేగడి చేనిలో జొన్న, శనగ, కుసుమ, అవిసె కలిసి పండియుండెను. ఈ ప్రాంతపు స్త్రీలు, విశేషించి దళిత స్త్రీలు, పస్తాపూరులోని దక్కను అభివృద్ధి సంఘము నీడన పాతపంటల విత్తనములను కాపాడిన సంగతి లోకవిదితమే. 2008లో మాచనూరు గ్రామమున వారు తమ స్వంత రేడియో కేంద్రమునే నెలకొల్పిరి. ఆ యాడువారు యంత్రముల మీటలు త్రిప్పి, తమ మాటలను తామే ప్రసారము చేసిరి. "ఆడపిల్లకు యంత్రమేల?" యను ప్రశ్నకు జవాబు మా బావగారి యింటికి దాదాపు వంద కిలోమీటర్ల దూరముననే యున్నది!

ఆ చేనులో నొక ముసలమ్మ శనగాకు గిల్లుచుండెను. ఇన్ని పంట లేల కలిపి వేసితివని నేనడిగితిని. "ఒక్కటే ఏస్తే, వాన తప్పిన్నాడు అంత గాలికే పోతది బిడ్డా. నాలుగు గింజలు కలిపి ఏస్తే ఏదో ఒకటి ఇంటికొస్తది" అనెను. పిల్ల నా ముఖము చూచినది. నేను దాని ముఖము చూచితిని.

ఆ రాత్రి చిన్నాయన యింటి యరుగుమీద ముగ్గురము కాగితము పెన్సిలు పుచ్చుకొని కూర్చుంటిమి. పందెపు చదువు చెడ్డదని కాదు. దానివలన వచ్చు కొలువులు మిక్కుటముగ నింగ్లండులోని ఆక్స్‌ఫర్డు, సిల్వర్‌స్టోను ప్రాంతములలోనే యున్నవి. మన దేశమున చెన్నై దాపున ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడాలలో పందెపు బాటలున్నవి గాని, కొలువులిచ్చు జట్టులు కొద్ది. పదునెనిమిదవ యేట ఇంటిస్థల మమ్మి ఆ యొక్క గింజనే నాటి, అచ్చట కొలువును, నివసించుట కనుమతియు దొరకకున్న నేమి గతి?

మరియొక దారి గలదు. ఇచ్చట నాలుగేండ్లు మెకానికల్ గాని ఆటోమొబైల్ గాని బి.టెక్. చదువవచ్చును. కళాశాల పేరు కంటె ముందుగ నచ్చట విద్యార్థులు తామే కారు నిర్మించు జట్టు గలదా యని చూడవలెను. ఇట్టి జట్టులకు కోయంబత్తూరులోని కారి బాటపై ఫార్ములా భారత్ అను పోటీ జరుగుచున్నది. ఈ తరహా పోటీలలో వేయి మార్కులకు 325 మార్కులు నిలిచియున్న కారునకే: నిర్మాణపు యోచనకు, ఖర్చు లెక్కకు, వ్యాపార వివరణకు. లెక్క తప్పక సంసారము నడుపు మన పిల్లలకిది క్రొత్త విద్యయా? కాని జట్టులో ఆడపిల్లలకు ఖాతాల పని మాత్రమే యిత్తురా, పనిముట్లు కూడ చేతికిత్తురా యన్నది కళాశాలకు స్వయముగ పోయి, ఆ పిల్లలనే యడిగి తెలిసికొనవలెను. ఈ నాలుగేండ్ల పిదపను కోరిక నిలిచియున్నచో, క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయము వంటి చోట్ల పందెపు ఇంజనీరింగులో నొక్క యేడాది ఎం.ఎస్సీ. గలదు. ఒక్క యేటి ఖర్చునకు అప్పు పుట్టును, స్థలము నిలుచును. కోరిక మారినచో ట్రాక్టరు, ఆటో, విమానము, దేనివైపునకైన త్రోవ యుండును.

పిల్ల యంతయు విని, "ఇంతకును నాన్న ఒప్పుకోడు. ఖర్చు తగ్గినా నేను ఆడపిల్లనే కదా" అనెను. ఆ మాటలో కన్నీరు లేదు. అదియే నాకు కష్టముగ తోచినది.

అప్పుడు దానికి రెండు కథలు చెప్పితిని. మన తెలుగింటి యాడుబిడ్డ అయ్యలసోమయాజుల లలిత చంటిబిడ్డ తల్లిగా పదునెనిమిదవ యేట భర్తను కోల్పోయి, పిదప మదరాసు గిండీ కళాశాలలో చేరి, 1943లో విద్యుత్తు ఇంజనీరింగు చదువు ముగించెను. ఆమె తండ్రి యా కళాశాలలోనే ఆచార్యుడు. కూతురిని చేర్చుకొమ్మని యడిగినది యాయనయే. భారత సంతతి స్త్రీ లీనా గాడె ఆడీ జట్టున ప్రధాన ఇంజనీరుగా నుండి 2011లో లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమును గెలిపించెను. ఆ పదవిలో నుండి ఆ పందెమును గెలిపించిన తొలి స్త్రీ యామెయే. ఆమె చదివినది పందెపు పట్టా కాదు, విమాన ఇంజనీరింగు.

తిరిగి వచ్చునాడు చిన్నాయన తన యన్నగారికి ఫోను చేసి చాలసేపు మాటలాడెను. ఏమి చెప్పెనో నే నడుగలేదు. ఇల్లు చేరుసరికి బావగారు వాకిట కుర్చీలో కూర్చుండిరి. చెప్పులు విప్పుచున్న కూతురివైపు చూడకయే, "ట్రాక్టరుకు ఇనుప దిమ్మలెందుకు కడతారో చెప్పినావట, నాకును చెప్పు" అనిరి. ఎన్నాళ్లకో ఆ యింటిలో ఆ యిద్దరి మాట వినబడినది. మా అక్క వంటింటి గుమ్మమున నిలిచి కొంగుతో కన్నులొత్తుకొన్నది.

స్థల మింకను అమ్మలేదు. వేసవిలో ప్రవేశపరీక్ష యున్నది. ఆ పిదప తండ్రీకూతుళ్లిద్దరును కలిసి కళాశాలల పనిశాలలను చూచివత్తురట. సోదరీమణులారా, మీ యింటిలోను ఇట్టి యబ్బురపు కోరికతో నొక పిల్ల యుండవచ్చును. దానిని మాన్పించుటకు ముందు ఒక్క దినము దాని ప్రక్కన బస్సులో కూర్చుండి, అది చెప్పునది వినుడు. నేను మాన్పింపబోయి, విని వచ్చినదానను.