నడుముకి కట్టిన సంచి

కిందటి వేసవిలో మా చెల్లెలి ఇంటికి స్విట్జర్లాండు వెళ్లివచ్చాను. బయలుదేరేముందు నాకు హితబోధ చెయ్యనివాడు మా వీధిలో లేడు. జ్యూరిక్ స్టేషన్లో జేబుదొంగలుంటారు, జెనీవా రైల్లో పెట్టెమీద ఒక కన్నేసి ఉంచండి, ముక్కూ మొహం తెలియనివాడు పలకరిస్తే ఆగకండి - ఇలాగ. ఇవన్నీ వినీ వినీ మా ఆవిడ పాత చీర చెంగుతో సంచి కుట్టి, పాస్‌పోర్టూ డబ్బూ అందులో పెట్టి, స్వహస్తాలతో నా నడుముకి కట్టింది. స్నానానికి తప్ప విప్పరాదని ఆజ్ఞ.

ఏమాటకామాట చెప్పుకోవాలి. పెద్ద స్టేషన్లలో దొంగలు అక్కడా ఉన్నారు. కాని నా సంచి జోలికి వచ్చినవాడు లేడు. ఆరేళ్ల పిల్లలు మెడలో నారింజరంగు పట్టీ వేసుకుని, పెద్దవాళ్ల తోడు లేకుండా బడికి నడిచిపోతుంటే గుడ్లప్పగించి చూశాను. ఇంత నెమ్మదైన దేశంలో మనకు భయమేమిటి అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే ఉంది తిరకాసంతా.

ఒక ఆదివారం అందరం మైరింగెన్ అనే ఊరు వెళ్లాం. కానన్ డాయిల్ మహాశయుడు తన షెర్లాక్ హోమ్సును తోసేసిన జలపాతం ఆ ఊరి దగ్గరే ఉంది. అది చూసి ఆరె నది ఒడ్డుకు వచ్చాం. చక్కని ఎండ. మోకాటిలోతు నీళ్లు, తెల్లని గులకరాళ్లు. నది కనిపిస్తే చెప్పులు విప్పకుండా ఉండగలమా? పులిహోర పొట్లం పట్టుకుని వెళ్లి నీళ్ల నడుమ ఒక బండమీద కూర్చున్నాను. "రావే!" అని మేనకోడల్ని పిలిచాను.

తొమ్మిదేళ్ల పిల్ల, ఒడ్డు దిగలేదు. "మామయ్యా, బోర్డు చూడలేదా?" అంది.

చూడకేం, చూశాను. పచ్చని రేకుమీద, వెనకనుంచి అల తరుముకొస్తుంటే పరుగెత్తే మనిషి బొమ్మ. కింద జర్మనులో ఏదో ఉంది. తెలుగు చెప్పుకుని బతికే పంతుణ్ణి, నాకేం తెలుస్తుంది? వానాకాలం మాట కాబోలనుకున్నాను. పిల్ల అర్థం చెప్పింది: ఎగువన కరెంటుకోసం కట్టిన ఆనకట్టలున్నాయట, ఎండ కాస్తున్నా సరే ఏ క్షణాన్నైనా నీళ్లు పెరగవచ్చునట.

"ఇంత ఎండలోనా?" అని నవ్వబోయాను. నవ్వు రాలేదు. బియాస్ గుర్తొచ్చింది.

2014 జూన్ 8. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశంలో, మండీ జిల్లాలో, బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జి ఆనకట్టనుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. వారాల తరబడి వెతికారు. ఆ ఏడు మా కాలేజీలో విహారయాత్ర మాట ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడు మళ్లీ మొదలైంది. పిల్లల్ని తీసుకెళ్లినవాణ్ణి నేనే. బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టేవాణ్ణి. అంతకుమించి ఏం చేశాను? నీళ్లెప్పుడు వదులుతారని ఒక్క ఊళ్లోనైనా అడిగిన పాపాన పోయానా? ఆనాడు పేపరు చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ణి, ఈనాడు నది మధ్య పులిహోర పొట్లం విప్పుతున్నాను. పైగా ఆ పిల్లను రమ్మంటున్నాను!

ఒడ్డుకు వచ్చేశాను. గంట దాటాక నీళ్ల చప్పుడు మారింది. అలా లేదు, ఉరుమూ లేదు. చూస్తూ ఉండగానే నేను కూర్చున్న బండ సగం మునిగింది.

మా బావగారు అన్నారు: "ఇక్కడివాళ్లకూ ఈ బుద్ధి ఊరికే రాలేదండీ." 1999 జూలై 27న ఇంటర్లాకెన్ దగ్గర సాక్సెటెన్ వాగులో సాహసయాత్రకు దిగిన బృందంమీదికి పైన కురిసిన వాననీరు విరుచుకుపడి 21 మంది పోయారు. నడిపిన సంస్థవాళ్లలో కొందరికి 2001లో శిక్షలు పడ్డాయి. ఇలాంటి యాత్రలు నడపడానికి అనుమతి ఉండాలని చట్టం అమలైంది 2014 జనవరిలో. అదే ఏడు జూన్‌లో మన బియాస్.

కొండదారులకూ అక్కడ గుర్తులున్నాయి. పసుపుపచ్చ గుర్తు మామూలు నడకకి. తెలుపు-ఎరుపు-తెలుపు ఉంటే కొండ అలవాటున్నవాళ్లకి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే నాబోటివాడు వెనక్కి తిరగడమే. తిరగకపోతే పట్టుకుని ఆపేవాడెవడూ ఉండడు. చిక్కుకుంటే 1414కి ఫోను చేస్తే హెలికాప్టరు వస్తుంది, ఆ వెనకే బిల్లూ వస్తుంది. వీసాకోసం 30,000 యూరోల భీమా కట్టమన్నప్పుడు దండగమారి పన్నని విసుక్కున్నాను. అది ఇందుకన్నమాట!

ఆ రాత్రి మా ఆవిడ ఫోను చేసి, "సంచి భద్రమేనా?" అంది. భద్రమేనన్నాను. తక్కిన సంగతి ఇంటికి వచ్చాకగాని చెప్పలేదు.

ఈ డిసెంబరులో మా పిల్లలు మళ్లీ విహారయాత్ర అడుగుతున్నారు. దారిలో రెండు నదులు తగులుతాయి. వాటిమీద ఎగువన ఎక్కడెక్కడ ఆనకట్టలున్నాయో, నీళ్లు వదిలేముందు ఎవరు ఎలా చెబుతారో కనుక్కుని రాసి తెండి, అప్పుడు చూద్దామన్నాను. వారమైంది. ఇంకా ఎవరూ తేలేదు.