చివరి ఆప్షన్ దాకా

మే 12, 2025

మేనకోడలి ఇంజినీరింగ్ ఎప్‌సెట్ ర్యాంకు 24,310. 160 మార్కుల ఒక్క పరీక్ష తేల్చిన అంకె ఇది. ఇంటర్ మార్కులకు ఇచ్చే 25 శాతం వెయిటేజీ తెలంగాణలో 2023లోనే పోయింది. ఆంధ్రలో అది ఇంకా ఉంది. ఇక్కడా ఉంటే పిల్ల ర్యాంకు కొంత ముందుకు వచ్చేదేమో. ఇంటర్లో తన మార్కులు మంచివి.

తమ్ముడు అడిగింది ఒక్కటే: "అక్కా, హైదరాబాద్‌ల వస్తదా?" కాలేజీ పేరు, బ్రాంచి వాడి నోట రాలేదు. నర్సంపేట పక్క ఊళ్లో ఉంటూ, రెండెకరాల పత్తి, ఒక కుట్టుమిషన్‌తో ఇల్లు నడిపేవాడికి హైదరాబాద్ అంటేనే చదువు. నాకు కోపం రాలేదు. ఆ ఊరి నుంచి ఉద్యోగాల్లోకి వెళ్లిన పిల్లలంతా హైదరాబాద్ బస్సెక్కిన వాళ్లే కదా.

మే 19

పిల్లది బీసీ-డి. గ్రామంలో ఆదాయం లక్షన్నర లోపు. కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. కానీ ఎంత? ర్యాంకు పది వేల లోపైతే ప్రభుత్వం ఫీజంతా కడుతుంది. దాటితే బీసీలకు ఏడాదికి 35,000 వరకే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మాత్రం ర్యాంకుతో పని లేకుండా పూర్తి ఫీజు.

ఈ 35,000 ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన పరిమితి. 2022లో ఫీజుల కమిటీ సిఫారసుతో కాలేజీల కనీస ఫీజే 45,000 అయింది. పెద్ద కాలేజీల్లో లక్షన్నర పైకి పోయింది. అంటే రాష్ట్రంలో అన్నిటికన్నా చవకైన ప్రైవేటు కాలేజీలో చేరినా పది వేలు చేతి నుంచి పడతాయి. ఈ ఒక్క అంకెను పెంచితే ఎన్ని ఇళ్లలో పిల్లల జాబితా మారిపోతుందో! ఏ ప్రభుత్వం వచ్చినా దీని జోలికి పోలేదు.

జూన్ 4

సర్టిఫికెట్ల సంగతి. ఆదాయ ధ్రువపత్రం ఈ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. పాతది ఉందని తమ్ముడు ధీమాగా ఉన్నాడు. మీసేవకు పంపాను. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, టీసీ. ఆదాయ పత్రం లేకుండా వెరిఫికేషన్‌కు వెళ్తే రీయింబర్స్‌మెంట్ అర్హత కంప్యూటర్‌లో పడదు. అక్కడ జారిందంటే నాలుగేళ్లకు లక్షా నలభై వేలు పోయినట్టే.

జూన్ 15

ఆదివారం. పోయినేటి లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్ ముందేసుకుని పిల్లా నేనూ కూర్చున్నాం. అడ్డంగా చాలా పొడవు. అందరూ ఓసీ బాయ్స్ గడి దగ్గరే ఆగి కంగారు పడతారు. మనం చూడాల్సింది బీసీ-డి గర్ల్స్ గడి. అమ్మాయిలకు మూడో వంతు రిజర్వేషన్ ఉండడం వల్ల అదే కాలేజీ, అదే బ్రాంచిలో ఆ గడి చాలాసార్లు కొన్ని వేల ర్యాంకులు వెనక ముగుస్తుంది. ఇంకా కుడికి జరిగితే ట్యూషన్ ఫీజు, ఏ యూనివర్సిటీ అనుబంధమో ఉంటాయి. అంత దూరం జరిపి చూసేవాళ్లు తక్కువ.

ఒక్క ఏడాది చూస్తే సరిపోదు, మూడేళ్లవి పక్కపక్కన పెట్టాం. సీట్ల పరిమితిని ఏఐసీటీఈ 2024లో ఎత్తేశాక హైదరాబాద్ చుట్టూ కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెంచుకున్నాయి. సివిల్, మెకానికల్ తగ్గించుకున్నాయి. అందువల్ల సీఎస్ఈ చివరి ర్యాంకులు వెనక్కి జరుగుతున్నాయి. పైగా ఈ ఏడాది నుంచి ఆంధ్ర విద్యార్థులకు 15 శాతం అన్‌రిజర్వుడ్ కోటాలో పోటీ పడే వీలు లేదు. అదీ కొంత కలిసొస్తుంది. పోయినేడు 23,000 దగ్గర ఆగిన సీటుపై ఈసారి ఆశ పెట్టుకోవచ్చు. 14,000 దగ్గర ఆగినది మాత్రం పేరు చూసుకుని మురవడానికే. అలాంటివి నాలుగైదు పైన పెట్టుకోమన్నాను. వాటి వల్ల పోయేదేమీ లేదు.

జూన్ 21

ఒక కాలేజీ పీఆర్వో తమ్ముడికి ఫోన్ చేశాడట. ర్యాంకు, ఊరు, ఇంటిపేరు అన్నీ చెప్పాడట. "మేనేజ్‌మెంట్ కోటాల ఇప్పుడే సీటు బుక్ చేసుకోండి, తర్వాత దొరకదు, ఫీజుల తగ్గిస్తం" అన్నాడట.

తమ్ముడికి గట్టిగానే చెప్పాను. మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం సీట్లకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్లకూ వర్తించదు. ప్రైవేటు యూనివర్సిటీలదీ అదే దారి. తగ్గిస్తామన్న ఫీజు కాగితం మీద ఉందా, నాలుగేళ్లకూ ఉందా, మార్కులు తగ్గితే పోతుందా? ఈ మూడూ అడగమన్నాను. అడిగితే మళ్లీ చేస్తానన్నాడట పీఆర్వో.

జూన్ 28

ఇంటి లెక్క వేశాం. మరదలు కూడా కూర్చుంది. నెలనెలా డబ్బు ఎక్కడెక్కడ పోతుందో తనకే తెలుసు. ఏడాదికి 60,000 అయితే అప్పు చేయకుండా భరించగలమని తేల్చింది. తమ్ముడు లక్ష అన్నాడు. మరదలి అంకెనే తీసుకున్నాను.

హైదరాబాద్‌లో ఫీజు 1,40,000 ఉన్న కాలేజీ అనుకుందాం. రీయింబర్స్‌మెంట్ పోను 1,05,000. హాస్టల్ నెలకు ఏడు వేల చొప్పున పది నెలలకు 70,000. నాలుగేళ్లకు ఏడు లక్షలు. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, స్పెషల్ ఫీజులు ఇందులో కలపలేదు.

వరంగల్‌లో ఫీజు 75,000 ఉన్నదైతే చేతి నుంచి 40,000. కాలేజీ బస్సు ఎక్కితే ఇంకో ముప్ఫై నలభై వేలు. ఇక్కడే మరదలు పట్టుకుంది: "ఆర్టీసీ బస్సు ఫ్రీయే గదా వదినా?" నిజమే. 2023 డిసెంబర్ నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆర్టీసీ బస్సు గేటు దగ్గర ఆగే కాలేజీ ఏది, ఊరి నుంచి రెండు బస్సులు మారాల్సింది ఏది అన్నది ఆ క్షణం నుంచి మా జాబితాలో ఒక గడి అయింది. కాలేజీలున్న బొల్లికుంట వైపు ఒక దారి, ఎర్రగట్టుగుట్ట వైపు ఒక దారి, లక్నేపల్లి ఇంటికి దగ్గర. ఏ టైముకు బస్సు ఉందో, సాయంత్రం ల్యాబ్ అయ్యాక చివరిది ఎప్పుడో పిల్లనే డిపోలో కనుక్కోమన్నాను.

జూలై 2

ఈ ఏడాదికి పాత ఫీజులే కొనసాగుతాయని ఉత్తర్వు. కొత్త మూడేళ్ల ఫీజులు ఇంకా తేలలేదు. కాలేజీలు పెంచాలని పట్టుబడుతున్నాయి. కాబట్టి ప్రతి కాలేజీ లెక్కలో మన వాటాకు పది వేలు అదనంగా వేసి చూశాం. అప్పటికీ 60,000 దాటనిదే ఉంచాం.

జూలై 4

తమ్ముడు చివరి అస్త్రం తీశాడు: "నువ్వు బ్యాంకుల ఉన్నవ్ గదక్కా, లోన్ ఇప్పియ్."

నాలుగు లక్షల దాకా చదువు అప్పుకు హామీ ఆస్తి అక్కర్లేదు, ఇప్పించగలను. ఏటా లక్ష తీసుకుంటే, పది శాతం వడ్డీ అనుకున్నా, చదువు అయ్యాక ఇంకో ఏడాది ఆగేసరికి సాధారణ వడ్డీయే 1,40,000. ఆ 5,40,000 పదేళ్లలో తీర్చాలంటే నెలకు ఏడు వేలకు పైనే. ఆ వాయిదా కట్టేది ఇరవై మూడేళ్ల పిల్ల. మొదటి ఉద్యోగం ఇరవై వేలదైతే? ఉద్యోగమే ఆలస్యమైతే? నా టేబుల్ ముందు నిలబడి గడువు అడిగిన తండ్రులను చూసినదాన్ని. చదువు అప్పు తప్పని నేననను. మంచి కాలేజీకి, కొద్ది మొత్తానికి చేయాల్సిన అప్పు అది. ఊరి పేరు కోసం చేసేది కాదు.

జూలై 5

పిల్లకు ఇష్టం ఎలక్ట్రానిక్స్, అంటే ఈసీఈ. ఇంట్లో పాత రేడియో విప్పి బాగుచేసింది తనే. తమ్ముడికి కంప్యూటర్లు కావాలి, అందులోనూ ఏఐ అన్న పేరుండాలి. ఒక కాలేజీకి పనిదినం నాడే వెళ్లొచ్చాం. ఏఐ బ్రాంచికి చెప్పేదెవరని అడిగితే సీఎస్ఈ వాళ్లే అన్నారు. ఈసీఈ ల్యాబ్‌లో పిల్లలు బోర్డుల మీద పని చేస్తూ కనిపించారు. పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇస్తారు, న్యాక్ కాలేజీ మొత్తానికి. గేటు మీద బోర్డు చూసి సరిపెట్టుకోకుండా ఈసీఈకి ఎన్‌బీఏ ఉందా అని అడిగాం. ఉంది. తమ్ముడు దారంతా ఏమీ మాట్లాడలేదు. మంచిదే అనుకున్నాను.

జూలై 7

ఆప్షన్లు మొదలయ్యాయి. ఊళ్లో అందరికీ ఉన్న భయమే తమ్ముడిదీ: "పైన పెద్దయి పెడితే కిందియి వేరేటోళ్లకు పోతయ్ గదా?"

పోవు. కంప్యూటర్ ర్యాంకుల వరసలో నడుస్తుంది. మన పిల్ల వంతు వచ్చినప్పుడు మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూస్తూ, సీటు మిగిలిన మొదటి చోట ఆపేస్తుంది. పైన ఇరవై రాని కాలేజీలున్నా ఇరవై ఒకటో దానికి తన వంతు తనకే ఉంటుంది. అందుకని వరస మన ఇష్టం ప్రకారమే ఉండాలి. వస్తుందా రాదా అన్న లెక్కతో వరస మార్చకూడదు. రావడం తేలికని ఒక కాలేజీని పైకి తెస్తే అదే వచ్చి కూర్చుంటుంది.

నాకు భయమంతా జాబితా అడుగు గురించే. ఎన్ని ఆప్షన్లయినా పెట్టుకోవచ్చు కాబట్టి చివర్లో కళ్లు మూసుకుని నింపేస్తారు. సీటు పడితే చాలు అనుకుంటారు. ఎక్కడో మేడ్చల్ అవతల, పేరు వినని కాలేజీ, బస్సు లేదు, హాస్టల్ ఖర్చు వేరు. అదే పడితే? తర్వాత ఆ ఇల్లు ఫీజు కట్టలేక, మానలేక నలుగుతుంది. అందుకే మా జాబితాను కింది నుంచి చదివాం. ప్రతి పేరు దగ్గరా తమ్ముణ్ణి అడిగాను: రేపు ఇదొక్కటే వస్తే పంపుతావా? ఫీజు కడతావా? తల అడ్డంగా ఊపిన ప్రతిదీ కొట్టేశాం. హైదరాబాద్ పేర్లు చాలా వరకు అట్లానే పోయాయి.

పైన కాకతీయ యూనివర్సిటీ కాలేజీలు, జేఎన్‌టీయూ మంథని, జగిత్యాల క్యాంపస్‌లు. మంథనిది సెంటినరీ కాలనీలో, జగిత్యాలది కొండగట్టు దగ్గర నాచుపల్లిలో. దూరమే, కానీ ప్రభుత్వ యూనివర్సిటీ, ప్రైవేటుతో పోలిస్తే తక్కువ ఫీజు. ఆ పేర్లు తమ్ముడు ముందెప్పుడూ వినలేదు. నడుమ వరంగల్ కాలేజీల్లో ఈసీఈ, సీఎస్ఈ. అడుగున నర్సంపేటవి.

జూలై 9

ఇంటర్నెట్ సెంటర్ వాళ్లు పాస్‌వర్డ్ ఇస్తే మేమే పెడతామన్నారట. ఇవ్వొద్దన్నాను. ఓటీపీ కూడా. పిల్లే నా ల్యాప్‌టాప్‌లో పెట్టింది, సేవ్ చేసింది, ప్రింటు తీసి కాగితం జాబితాతో ఒక్కొక్కటీ సరిపోల్చింది. రెండు చోట్ల కోడ్లు తారుమారయ్యాయి, సరిచేసుకుంది.

జూలై 13

మాక్ అలాట్‌మెంట్, అసలు కేటాయింపుకు ముందు చూపే నమూనా. ఈ ఏడాదే పెట్టారు. వరంగల్ కాలేజీలో సీఎస్ఈ డేటా సైన్స్ చూపించింది. దాని కిందే అదే కాలేజీ ఈసీఈ ఉంది. మార్చుకోవడానికి రెండు రోజులు. పిల్ల అడిగింది: "ఈసీఈ పైకి తెస్తా అత్తమ్మా?" నీ ఇష్టమే అన్నాను. తమ్ముడి వైపు చూసింది. "నీకేది సమజైతే అదే పెట్టు బిడ్డా," అన్నాడు.

జూలై 18

ఈసీఈ వచ్చింది. ఏడాదికి మన చేతి నుంచి పడేది మరదలి అంకె లోపే.

జూలై 26

రెండో విడతకు పెట్టాలా వద్దా? మెరుగైనది వస్తే ఇప్పుడున్న సీటు తనంతట తానే రద్దయి ఇంకొకరికి పోతుంది, వెనక్కి రాదు. అందుకని ఈ సీటు కన్నా నిజంగా ఎక్కువ కావాలనుకునేవే పెట్టాలి. కాకతీయ యూనివర్సిటీ ఈసీఈ, మంథని ఈసీఈ, రెండే పెట్టింది. మిగతావన్నీ తీసేసింది. ఊళ్లో పక్కింటి అబ్బాయి కూడా కాగితాలు పట్టుకుని వచ్చాడు. ర్యాంకు 61,000, ఎస్టీ. వాడికి ఫీజు పూర్తిగా వస్తుంది, లెక్కంతా హాస్టల్, బస్సు చుట్టూనే తిరగాలి. రేపు పొద్దున కూర్చుంటాం.